వాటర్ బోర్డుకు మొదటి ఎండీ ఎవరు?

"ఐఏఎస్ సారే రావాలని యాడన్న రాసున్నదా?" హన్మకొండ చౌరస్తాల చాయ్ తాగుతుంటే మా గల్లీకి నల్లా ఇడిచే అన్న అడిగిండు. చేతిల వాల్వు తిప్పే పొడుగు ఇనుప చావి, మోకాళ్ల దాక తడిసిన ప్యాంటు.

వరంగల్, కాజీపేట, చుట్టుపక్కల ఊర్లన్నిటికి కలిపి ఒక వాటర్ బోర్డు పెడితే మొదటి ఎండీ, అంటే బోర్డు నడిపే పెద్ద సారు, ఎవరుండాలె అని ముచ్చట. హైదరాబాద్‌కు అసొంటి బోర్డు 1989లనే అచ్చింది. మనకు దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదారి నీళ్లు ధర్మసాగర్ చెరువు దాక మంచిగనే అస్తయ్. ఆడికెళ్లి మా కొస ఇంటికచ్చేసరికే సన్నదార!

నేనైతే ఇంజినీర్‌కే ఓటేసిన. మీటర్లు, బిల్లులు, స్టాఫు అన్నీ కొత్తగ పెట్టాలె. మొదటాయన ఐఏఎస్ అయ్యి ఏడాదికే బదిలీ అయితే ఏం పెడ్తడు?

అన్న నవ్విండు. "ఎవలన్న రానియ్, మమ్ముల పర్మనెంట్ జేసేటోడైతే సాలు."