పట్టుచీరకు లేని రోత

చలికాలం వస్తే చాలు, అనంతపురం గాలికి నా మడమలు నెర్రెలిచ్చిన చేనులా పగులుతాయి. బెంగళూరులో సౌందర్య సాధనాల ప్రయోగశాలలో పనిచేసే మా పిన్ని కూతురు సంక్రాంతికి వస్తూ ఒక చిన్న సీసా తెచ్చింది. రెండు రోజులు రాసుకుని, బాగుందని మెచ్చుకున్నాక గానీ చెప్పలేదు, అది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాల నుంచి, అంటే దాని పిల్ల పురుగుల నుంచి, తీసిన నూనె అని. వెంటనే వెళ్లి కాళ్లు కడుక్కున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ లార్వాలు కూరగాయల వ్యర్థాలు తిని కొన్ని వారాల్లోనే కొవ్వు పడతాయట. ఆ కొవ్వులో ఎక్కువగా ఉండేది లారిక్ ఆమ్లం. కొబ్బరినూనెలో ఉన్నదీ అదే. ఇలాంటి సౌందర్య సాధనాల్లో వాడే పామాయిల్ తోటల కోసం అడవులు నరకడం కంటే మార్కెట్ చెత్తతో ఈ పురుగులను పెంచడం మేలు కదా అని మా చెల్లెలి వాదన. నేను ముఖం చిట్లించుకునే ఉన్నాను.

అప్పటిదాకా మౌనంగా ఉన్న అవ్వ అందుకుంది: "ధర్మవరం చీర కట్టినప్పుడు రాని రోత ఇప్పుడెందుకే? గూళ్లు ఉడకేస్తేనే కదా దారం వచ్చేది!"

నా దగ్గర జవాబు లేదు. పైగా, దారం తీశాక గూటిలో మిగిలే పట్టుపురుగు ప్యూపాల్లోనూ బోలెడు నూనె ఉంటుందని, కొన్ని లిప్‌స్టిక్‌ల ఎరుపు కూడా కోచినీల్ పురుగుదేనని చెల్లెలు మరో రెండు అంటించింది. అయినా శాకాహారులు కూడా కొనే వస్తువు కాబట్టి, సీసా మీద పురుగు పేరు తెలుగులో స్పష్టంగా ఉండాలన్న పట్టు మాత్రం నేను వదల్లేదు.

ప్రస్తుతం ఎడమ మడమకు ఈ నూనె, కుడి మడమకు కొబ్బరినూనె. ఇవాళ ఆరో రోజు. తేడా ఏమీ కనబడలేదు.