గీత మందం 50 మీటర్లు

ఈరోజు ప్రాంతీయ మ్యాపులోని పచ్చజోను (పచ్చదనం కోసం వదిలిన ప్రాంతం) హద్దును ఊరి ప్లాను మీదికి తెస్తే, గీత సరిగ్గా ఇళ్ల మధ్యలోంచి పోయింది.

వింతేమీ కాదు. ప్రాంతీయ మ్యాపుది 1:50,000 స్కేలు, అందులో ఒక మిల్లీమీటరు గీతంటే నేలమీద 50 మీటర్లు. ఊరి ప్లాను 1:2,000లో అయితే రెండే. జూమ్ చేసినంత మాత్రాన లేని కచ్చితత్వం పుట్టుకురాదు. వాగు గట్టు, రోడ్డు అంచు, ప్లాట్ల హద్దులు పట్టుకుని, నేలమీద నడిచి చూసి మళ్లీ గీయాల్సిందే.

నన్నడిగితే అసలు తలనొప్పి పొలిమేర దగ్గర. ఇటు 30 మీటర్ల రోడ్డు, అటు పక్క ఊరి ప్లానులో 18. వాగుకు ఎగువవాళ్లు బఫర్ (గట్టు పక్కన ఖాళీ జాగా) వదలరు, వరదేమో దిగువవాళ్లకు. ప్రాంతీయ ప్లానును పక్కన పెట్టేశాక ఎవరి మ్యాపు వాళ్లదే మరి!

జోన్లకు రంగులు వేయకముందే పక్క ఊరి ముసాయిదా తెప్పించుకుని రోడ్లు, కాలువలు, మురుగు లైన్లు కలుస్తున్నాయో లేదో చూడండి. ప్లాను ఖరారయ్యాక మార్చాలంటే అభ్యంతరాల దగ్గర్నుంచి మళ్లీ మొదలు.