మూడు రకాల వాల్వులకు ఒక్క పంపు: మా ఇంటికి గాలి పంపు ఎంచుకున్న అనుభవం

విశాఖపట్నంలో సముద్రతీరపు దారి వెంట భీమునిపట్నం వైపు ఆదివారం ఉదయాన్నే సైకిలు మీద వెళ్ళి రావడం నాకు నాలుగేళ్ళుగా ఉన్న అలవాటు. గత ఏడాది నవంబరులో ఒక ఆదివారం తొట్లకొండ దాటి కొంత దూరం వెళ్ళాక, గుంత అంచు తగిలి వెనుక చక్రంలోని గాలి ఒక్కసారిగా పోయింది. మంగమారిపేట దగ్గర పంచర్లు వేసే ఆయన ట్యూబును విప్పి, నీళ్ళ తొట్టిలో ముంచి చూసి, మేకు గానీ గాజుపెంకు గానీ గుచ్చుకున్న గుర్తు లేదనీ, పక్కపక్కనే రెండు సన్నని చీలికలు మాత్రం ఉన్నాయనీ చూపించారు. "గాలి తక్కువున్నాది సార్, రిమ్ము కొరికీసింది" అన్నారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. టైరులో గాలి చాలినంత లేనప్పుడు గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య ట్యూబు నలిగిపోతుంది. రిమ్ముకు అంచులు రెండు గనుక చీలికలు కూడా రెండు పడతాయి. ఆ సైకిలుకు నేను గాలి కొట్టి మూడు వారాలు దాటింది. బయలుదేరేటప్పుడు బొటనవేలితో టైరును నొక్కి చూసి, గట్టిగానే ఉందనుకుని వచ్చేశాను. నలభై పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) ఉన్న టైరుకూ అరవై ఉన్న టైరుకూ ఉన్న తేడాను నా బొటనవేలు పట్టుకోలేదని ఆ రోజు తెలిసింది. గాలి ఒత్తిడిని చూపే మీటరు ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలని, కాలితో నేలకు అదిమి పట్టి రెండు చేతులతో కొట్టే నిలువు పంపే కొనాలని నిశ్చయించుకున్నాను.

ఇది ఒక పూట పని అనుకున్నాను గానీ రెండు నెలలు పట్టింది. దానికి మొదటి కారణం మా ఇంట్లోనే ఉన్నది. మా సెల్లారులో మూడు సైకిళ్ళున్నాయి. నాన్నగారిది పాత నల్ల సైకిలు. దాని ట్యూబుకు ఉన్నది మన ఊళ్ళలో అందరికీ తెలిసిన మామూలు వాల్వు, లోపల సన్నని రబ్బరు తొడుగు ఉండేది. బెల్‌ఫాస్టులో 1880ల చివరలో కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును తయారు చేసిన పశువైద్యుడు డన్‌లప్ పేరే ఆ వాల్వుకూ ఉండిపోయింది. నా సైకిలు వెడల్పు 35 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ రకం; దానికి మోటారు సైకిళ్ళకూ కార్లకూ ఉండే ష్రేడర్ వాల్వు ఉంటుంది. మా అమ్మాయిది 28 మిల్లీమీటర్ల టైర్లున్న రోడ్డు సైకిలు. దానికి పొడవుగా, సన్నగా, కొసన చిన్న మర ఉండే ప్రెస్టా వాల్వు. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవాలంటే ఈ మూడింటిలో నా సైకిలు ఒక్కటే నేరుగా పనికి వస్తుంది.

నిజానికి ఇంట్లో ఒక పంపు లేకపోలేదు. నాన్నగారి ఇనుప పంపు ముప్పై ఏళ్ళుగా ఉన్నది. చెక్క పిడి, లోపల గిన్నె ఆకారంలో తోలు వాషరు. తోలు ఎండిపోయి గాలి పట్టనప్పుడల్లా ఆయన పంపును విప్పి రెండు చుక్కలు ఆముదం వేసి, వేళ్ళతో వాషరు అంచును వెడల్పు చేసి మళ్ళీ బిగిస్తారు. తోలు వాషరు పాతకాలపు పద్ధతి అని నేను చాలాకాలం చులకన చేశాను. ఇటలీలో 1917లో మొదలైన సిల్కా వారి ఖరీదైన పంపులో నేటికీ తోలు వాషరే వాడుతున్నారని తెలిశాక ఆ చులకన పోయింది. అయితే ఆ పంపుకు మీటరు లేదు, దాని క్లిప్పు ప్రెస్టా వాల్వును గట్టిగా పట్టదు. అందువల్ల కొత్తది వెతకక తప్పలేదు.

మొదటిసారి నేను చేసిన పొరపాటు పెట్టె మీద ఉన్న అంకెను చూసి కొనడం. డిసెంబరు మొదటి వారంలో ఒక దుకాణంలో లావుపాటి బ్యారెల్ (గాలిని నొక్కే నిలువు గొట్టం) ఉన్న పంపు చూపించి, ఇది 120 పీఎస్ఐ వరకు కొడుతుందని, బ్యారెల్ ఎంత లావుంటే అంత త్వరగా గాలి నిండుతుందని చెప్పారు. రెండో మాట నిజమే. ఇంటికి తెచ్చి నా సైకిలుకు కొడితే పదిహేను సార్ల లోపే వెనుక టైరు నిండింది, సంతోషించాను. మరునాడు మా అమ్మాయి తన సైకిలుకు కొట్టడం మొదలుపెట్టి, మీటరు ముల్లు అరవై దగ్గరికి వచ్చేసరికి పిడి మీద బరువంతా వేసి కాళ్ళు దాదాపు గాలిలోకి లేచినా కిందికి దించలేకపోయింది. తనకు కావలసినది 75. "నాన్నా, ఇది నీకోసం కొన్నావా, నాకోసం కొన్నావా?" అని అడిగింది.

పంపు చెడిపోయిందేమోనని విప్పి చూశాను. చెడిపోలేదు. వాషరు అడ్డుకొలత నాలుగు సెంటీమీటర్లు ఉన్నది. అప్పుడు కాగితం మీద వేసిన లెక్క, కొనడానికి ముందే వేసి ఉండవలసినది, ఇది: నాలుగు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న వృత్తపు వైశాల్యం సుమారు 12.6 చదరపు సెంటీమీటర్లు. అరవై పీఎస్ఐ అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 4.2 కిలోల ఒత్తిడి. రెండింటినీ గుణిస్తే పిడి మీద పడవలసిన బరువు సుమారు 53 కిలోలు. మా అమ్మాయి బరువు 54 కిలోలు! పైనుంచి ఊపుగా తోసే బలాన్ని పక్కన పెడితే, ఆమె శరీరం మొత్తం ఆ పంపును అరవై వరకే తీసుకువెళ్ళగలదు. పెట్టె మీద రాసిన 120ని చేరుకోవాలంటే సుమారు 106 కిలోల మనిషి కావాలి, అంతటివారు మా ఇంట్లో ఎవరూ లేరు. పంపు గొట్టం పగలకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకెను, దానిని కొట్టే మనిషి ఎంతవరకు చేరుకోగలడో చెప్పే అంకెగా నేను పొరబడ్డాను.

అదే లెక్కను మూడు సెంటీమీటర్ల బ్యారెల్‌కు వేస్తే 75 పీఎస్ఐ దగ్గర కూడా 37 కిలోల చిల్లర బరువు చాలు. దానికి చెల్లించవలసిన మూల్యం ఒక్కటే, ఎక్కువ సార్లు కొట్టాలి. నా టైరు ట్యూబులో సుమారు రెండు లీటర్ల చోటు ఉంటుంది. అమ్మాయి సైకిలు ట్యూబులో లీటరుంపావు. కొండదారుల సైకిళ్ళకు ఉండే రెండు అంగుళాల పైబడిన టైర్లలో నాలుగున్నర లీటర్ల దాకా ఉంటుంది గానీ వాటికి ఒత్తిడి తక్కువ చాలు, కాబట్టి లావు బ్యారెల్ పంపు నిజానికి వాటికోసం చేసినది. ఆ దుకాణదారు అబద్ధం చెప్పలేదు. ఏ సైకిలుకో అడగలేదు, నేనూ చెప్పలేదు. పంపును వెనక్కి తీసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు గనుక, కొండదారుల సైకిలు కొన్న మా కింది అంతస్తు కుర్రాడికి సగం ధరకు ఇచ్చేశాను.

మళ్ళీ కొనే ముందు, ఆదివారాలు నాతో వచ్చే మిత్రుడొకరి పంపును వారం రోజులు అరువు తెచ్చుకున్నాను. దాని బ్యారెల్ సన్ననిదే, అమ్మాయి సునాయాసంగా 75 వరకు కొట్టింది. చిక్కంతా పైపు కొసన వాల్వుకు తగిలించే నాజిల్‌తో వచ్చింది. అది వాల్వు మీద మర తిప్పి బిగించే రకం. గాలి నింపి, నాజిల్‌ను వెనక్కి తిప్పి తీస్తుండగా ప్రెస్టా వాల్వు లోపలి భాగం కూడా దానితోపాటే ఊడి వచ్చింది, నింపిన గాలంతా బుస్సుమని పోయింది. కొన్ని ప్రెస్టా వాల్వుల లోపలి భాగం విడిగా ఊడదీయడానికి వీలుగా ఉంటుందనీ, దానిని చిన్న పనిముట్టుతో ముందే గట్టిగా బిగించుకోకపోతే ఇటువంటి నాజిల్ దానిని తిప్పుకుపోతుందనీ ఆ తరువాత తెలిసింది. ఆ జాగ్రత్త తీసుకుంటే మర నాజిల్ చెడ్డదేమీ కాదు, గాలి ఏమాత్రం కారనివ్వదు. కానీ ఉదయం అయిదు గంటలకు సెల్లారులోని మసక వెలుతురులో నాలుగు చక్రాలకు మర తిప్పి, విప్పడం నాకు నచ్చలేదు.

జనవరిలో ద్వారకానగర్ నుంచి జగదాంబ వైపు ఉన్న సైకిలు దుకాణాలకు రెండు శనివారాలు వెళ్ళాను. ఈసారి జేబులో ఒక దారం ముక్కా చిన్న స్కేలూ పెట్టుకుని, అమ్మాయి సైకిలు పాత ట్యూబును వాల్వుతో సహా సంచిలో వేసుకుని వెళ్ళాను. బ్యారెల్ చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించి, గొట్టం మందాన్ని రెండు వైపులా తీసివేస్తే లోపలి అడ్డుకొలత ఇంచుమించుగా తెలుస్తుంది. దుకాణాల్లోని కుర్రాళ్ళు మొదట వింతగా చూసినా, ఒకాయన మాత్రం తనే ఇంకో రెండు పంపులు తెచ్చి "ఇవి కూడా కొలిచీండి సార్, మాకూ తెలుస్తాది" అన్నారు.

నాజిల్‌లలో మూడు రకాలు చూశాను: రెండు రంధ్రాలు పక్కపక్కనే ఉన్నది, లోపలి రబ్బరును తిప్పి పెట్టుకుంటే వాల్వు మారేది, ఏ వాల్వు పెట్టినా తనంతట తానే సర్దుకుంటుందని చెప్పేది. మూడోది వినడానికి బాగుంది గానీ, నా పాత ట్యూబు మీద పెట్టి చూస్తే సగం సార్లు గాలి కారింది. నేను రెండు రంధ్రాల దానినే ఎంచుకున్నాను. అందులో చూసుకోవలసిన సంగతులు రెండు: మీట లేపగానే నాజిల్ వాల్వును గట్టిగా పట్టుకోవాలి, మీట దించగానే అటూ ఇటూ కుదపకుండా నిటారుగా ఊడి రావాలి. కుదిపి లాగితే ప్రెస్టా కొసన ఉన్న సన్నని పుల్ల వంగిపోతుంది. నాన్నగారి డన్‌లప్ వాల్వుకు మరో నాజిల్ కొనవలసి వస్తుందేమోనని సందేహించాను గానీ, ప్రెస్టా రంధ్రమే దానికి కూడా సరిపోతుందని అక్కడే పెట్టి చూపించారు. మూడు వాల్వుల సమస్య అంత తేలికగా తీరుతుందని నేను అనుకోలేదు.

మీటరు విషయంలో చాలామంది పెద్ద అంకెలున్నదే గొప్పదనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ ముల్లు మీటరులో తప్పును సాధారణంగా మొత్తం కొలతలో శాతంగా చెబుతారు. 160 వరకు ఉన్న మీటరులో మూడు శాతం తప్పు అంటే దాదాపు అయిదు పీఎస్ఐ. మనం చదివేది 50 అయినా ఆ అయిదు అలాగే ఉంటుంది. కాబట్టి మనకు కావలసిన అంకె మీటరు మధ్యభాగంలో ఉండేటట్లు చూసుకోవడం మేలు. పంపు పాదం (అడుగున కాలితో అదిమే భాగం) దగ్గర కాకుండా బ్యారెల్ మధ్యలో పెద్దగా అమర్చిన మీటరు, చత్వారం వచ్చిన నా వంటివారికి మరీ ఉపయోగం. ఇంకొక సంగతి: ఆ ముల్లు చూపించేది పైపులోని ఒత్తిడిని. ష్రేడర్‌లో నాజిల్ లోపలి పుల్లను నొక్కి ఉంచుతుంది గనుక తగిలించగానే టైరులోని కొలత కనబడుతుంది. ప్రెస్టాలో ఒకటి రెండు సార్లు కొట్టి వాల్వు తెరుచుకునేదాకా ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, టైరు ఖాళీగా ఉందని కంగారు పడనక్కరలేదు. డన్‌లప్‌లో రబ్బరు తొడుగును తోసుకుని గాలి వెళ్ళాలి గనుక టైరులో ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది.

పాదం గురించి నేను పెట్టుకున్న షరతును దుకాణంలో వారు నవ్వుతూ విన్నారు. మా ఇంట్లో ఎవరూ బూట్లు వేసుకుని గాలి కొట్టరు, ఉత్త కాళ్ళతోనో హవాయి చెప్పులతోనో కొడతాం. సన్నని ఇనుప పట్టీ పాదం ఉన్న పంపు ఇరవై సార్లు కొట్టేసరికి అరికాలిలో గాడి పడుతుంది, ప్లాస్టిక్ పాదమైతే పిడి పైకి లాగినప్పుడు ఊగుతుంది. వెడల్పుగా పోత పోసిన లోహపు పాదం తీసుకున్నాను. పైపు పొడవు వంద సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే వాల్వు చక్రంలో ఎక్కడ ఆగినా అందుతుంది.

లోహం ఎంపికలో మాత్రం మా ఊరి సముద్రపు గాలి మాటే నెగ్గింది. ఉక్కు బ్యారెల్ గట్టిది, సొట్ట పడదు. వేరే ఊళ్ళో ఉంటే అదే కొనేవాణ్ణి. కానీ తీరానికి దగ్గరగా ఉన్న మా సెల్లారులో రంగు లేచిన చోటల్లా రెండు వర్షాకాలాల్లో తుప్పు పడుతుంది. అందుచేత అల్యూమినియం బ్యారెల్, క్రోము పూత వేసిన కడ్డీ ఉన్న పంపు తీసుకున్నాను. లోపలి అడ్డుకొలత దారం లెక్క ప్రకారం 3.2 సెంటీమీటర్లు, మీటరు 120 వరకు, ధర 2,900 రూపాయలు. అదే ధరకు బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాలు కూడా చూపించారు. దారిలో ఉపయోగమే, కానీ ఛార్జింగు మరచిపోయే ఇల్లు మాది. డబ్బు ఇచ్చే ముందు వాషరు, నాజిల్ లోపలి రబ్బరు విడిగా దొరుకుతాయా అని అడిగి, నాజిల్ రబ్బరు ఒకటి అదనంగా అప్పుడే కొనుక్కున్నాను. ఏ పంపులోనైనా ముందు అరిగేది ఆ రబ్బరే.

ఇంట్లో పరీక్షించినప్పుడు నా వెనుక టైరు ఇరవై నాలుగు సార్లకు నిండింది. లావు పంపుతో పోలిస్తే రెట్టింపు కాకపోయినా దగ్గరదగ్గరగా ఉంది, అయినా చేతులు నొప్పి పెట్టలేదు. అమ్మాయి 75 వరకు నిలబడిన చోటే కొట్టి, ఏమీ అనకుండా పంపును గోడకు ఆనించి వెళ్ళిపోయింది. నా టైరు పక్కన 50 నుంచి 85 అని రాసి ఉంటుంది. 82 కిలోల నా బరువుకు ముందు 50, వెనుక 58 పెట్టుకుంటున్నాను. 85 వరకు ఒకసారి కొట్టి చూస్తే తీరపు రోడ్డులోని ప్రతి గతుకూ వెన్నెముకకు తెలిసింది.

తరువాత ఒక విడి మీటరు తెచ్చి పోల్చి చూస్తే పంపు మీటరు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తున్నది, ప్రతిసారీ అంతే. అంతే తేడా ఎప్పుడూ ఉంటే ఇబ్బంది లేదు గనుక, అమ్మాయి గోళ్ళ రంగు అడిగి తీసుకుని మీటరు అద్దం మీద 61 దగ్గర ఎర్రచుక్క, 78 దగ్గర నీలిచుక్క పెట్టాను. నాన్నగారి సైకిలుకు ఏ చుక్కా పెట్టలేదు. ఆయన ముల్లు వైపు చూడరు, నాలుగు సార్లు కొట్టి బొటనవేలితో నొక్కి చూసుకుంటారు.