సొరంగంలో వెల్లకిలా

ఆ ఆక్వేరియంలో నాకు ఒళ్లు మండింది ఒక బోర్డు చూసి. పెద్ద ట్యాంకు పక్కన, సరిగ్గా పిల్లల కళ్లకు ఆనే ఎత్తులో తగిలించారు. 'గిటార్ షార్క్' అని రంగుల్లో పేరు, కింద నవ్వు మొహంతో బొమ్మ. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో మా అక్క పిల్లలిద్దరికీ నేను గొంతు ఎండేలా చెప్పుకొచ్చిందంతా ఆ ఒక్క మాటతో నీళ్లపాలయ్యేలా ఉంది.

ఆ నాలుగు గంటల సంగతి కూడా చెప్పాలి. ఊరికే తీసుకెళ్లి చూపించి తెస్తే ఏం లాభమని, సొరచేపలవీ, వాటి చుట్టాలవీ బొమ్మలు పన్నెండు అట్టముక్కల మీద గీసి సంచిలో పెట్టుకున్నాను. పెద్దదానికి పదేళ్లు, చిన్నోడికి ఆరు. కిటికీ సీటు గొడవ తేలేసరికే మొదటి గంట అయిపోయింది. తర్వాత మొదలుపెట్టాను. సొరలు, ఒళ్లు చదునుగా ఉండే టేకు చేపలు (ఇంగ్లీషులో 'రే'), ఎక్కువగా లోతు సముద్రంలో బతికే కైమీరా చేపలు అన్నీ ఒకే వంశం, వీటి ఒంట్లో ఎముకలుండవు, ఉన్నదంతా మృదులాస్థి అని. ఆ మాట వాళ్లకు ఎక్కలేదు. "మీ చెవి పట్టుకుని మడవండి, లోపల ఉన్నది అదే" అన్నాను. అక్కడే పొరపాటు చేశాను. తమ చెవులు, నా చెవులు అయ్యాక చిన్నోడు ముందు సీట్లో కునుకు తీస్తున్న పెద్దాయన చెవి వైపు చెయ్యి చాపాడు. సమయానికి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

"మరి పళ్లు?" అంది పెద్దది. పళ్లు గట్టివే, ఊడిన కొద్దీ వెనక వరస ముందుకొస్తుంది, సొరకు జీవితమంతా కొత్త పళ్లు వస్తూనే ఉంటాయి అన్నాను. ఆ వారమే పాలపన్ను ఊడిన చిన్నోడు సందులో నాలుక పెట్టి తడుముకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. ఆ బస్సులో నాకు దొరికిన విశ్రాంతి అదొక్కటే.

మా చిన్నప్పుడు సొర అంటే ఒకటే బొమ్మ. తెరుచుకున్న నోరు, నీటి పైకి లేచిన వీపు రెక్క. వాటిలో 500 పైగా రకాలున్నాయని నాకు తెలిసేసరికి కాలేజీ చదువు కూడా అయిపోయింది. జానెడు పొడవైనా దాటని లాంతరు సొర ఉందనీ, 18 మీటర్ల దాకా పెరిగే తిమింగల సొర నీళ్లు వడగట్టుకుని అందులోని చిన్న చిన్న ప్రాణులతో పొట్ట నింపుకుంటుందనీ మాకెవరూ చెప్పలేదు. ఈ అట్టముక్కల పిచ్చి అందుకే.

టికెట్ల వరుస, మెట్ల మీద తోపులాట గురించి రాయడం దండగ. లోపల గైడు మాత్రం మమ్మల్ని గొర్రెల మందలా తోలాడు. "సొర ఈదడం ఆపిందంటే చచ్చిపోతుంది" అన్నాడు మైకులో. సరిగ్గా అతని వెనకే, అద్దానికి అవతల, ఒక నర్స్ షార్క్ ఇసుక మీద హాయిగా పడుకుని ఉంది.

"అయితే అది చచ్చిపోయిందా అంకుల్?" అని పెద్దది గట్టిగా అడిగింది.

జనం నవ్వారు. ఆయనా నవ్వేసి పక్క గదికి వెళ్లిపోయాడు. సమాధానం చెప్పే పని నా నెత్తిన పడింది. 'మాకో' అనే రకం సొర లాంటివి ఎప్పుడూ ముందుకు కదులుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీళ్లు పారతాయి. నర్స్ షార్క్ అలా కాదు, నోటితో నీళ్లు లాగి మొప్పల్లోంచి వదలగలదు, కాబట్టి ఎంతసేపైనా పడుకోవచ్చు. దవడ దగ్గర కదలిక చూడండి అన్నాను. ముగ్గురం అద్దానికి ముక్కులు ఆనించి చూశాం. చిన్నగా, లయగా కదులుతోంది. "హమ్మయ్య" అన్నాడు చిన్నోడు.

పక్కనే ఒక స్టాండుకి ఎండబెట్టిన సొర చర్మం ముక్క బిగించారు, తడిమి చూడమని. తల నుంచి తోక వైపు రాస్తే నున్నగా జారింది. వెనక్కి రాయగానే గరగరమంది. ఆ చర్మం నిండా పళ్ల లాంటి చిన్న చిన్న పొలుసులే. "పిల్లి నాలుక" అంది పెద్దది వెంటనే. నేను గరుకు కాగితం అని చెప్దామనుకున్నాను. దాని పోలికే బాగుంది.

ఆ తర్వాత గాజు సొరంగం. తల మీదుగా ఒక టేకు చేప వచ్చి అద్దానికి కడుపు ఆనించింది. "పిన్నీ, నవ్వుతోంది!" అని చిన్నోడు ఎగిరాడు. నోటి దగ్గర ఉన్న ఆ రెండూ కళ్లు కావురా, ముక్కు రంధ్రాలు, కళ్లు పైన ఉన్నాయి అన్నాను. వాడి మొహం కాస్త వాడింది. ఆ నోటి వెనక చూడమన్నాను, అటు అయిదు ఇటు అయిదు చీలికలు. టేకుకు మొప్పలు కడుపు వైపు, సొరకు పక్కల్లో. ఇసుకలో కూరుకుపోయినప్పుడు కింద నుంచి నీళ్లు తీసుకోలేదు కాబట్టి, టేకు కళ్ల వెనక ఉన్న రంధ్రాల్లోంచి లాక్కుంటుంది.

"మరి ఆ గిటార్‌ది షార్కేగా? బోర్డు మీద ఉంది" అంది పెద్దది.

కాదు, అది టేకుల్లో ఒకటి, బోర్డు తప్పు అన్నాను. ఇద్దరూ నా వైపు అనుమానంగా చూశారు. అచ్చేసిన అక్షరం ముందు పిన్ని మాట ఏపాటిది! పైగా ఆ చేప తోక ఊపుకుంటూ, వీపు మీద రెండు రెక్కలు లేపుకుని అచ్చం సొరలాగే ఈదుతోంది. చివరికి చిన్నోడే తీర్పు చెప్పాడు. "కింద చూస్తే తెలిసిపోతుందిగా!"

అంతే, ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకున్నారు. జనం దాటుకుంటూ పోతున్నారు. చేప మాత్రం ప్రతిసారీ పక్క నుంచే పోతోంది. ఇంతలో నేల తుడిచే ఆవిడ కర్ర పట్టుకుని వచ్చింది. తిడుతుందనుకుని నేను లేపబోయాను. ఏం చేస్తున్నారో విని, "ఇక్కడ కాదమ్మా, ఆ పెద్ద రాయి దగ్గర. అక్కడ మలుపు తిరిగేటప్పుడు సరిగ్గా నెత్తి మీదుగా వస్తది" అంది. రోజంతా ఆ సొరంగంలో తిరిగే మనిషి. ఏ చేప ఎటు తిరుగుతుందో ఆమెకు తెలిసినట్టు ఆ మైకు పట్టుకున్నాయనకు తెలియదు.

రాయి దగ్గరకు మారాం. నేనూ పడుకున్నాను, సిగ్గు పక్కన పెట్టి. కాసేపటికి తెల్లటి కడుపు మా మీదకి వచ్చింది. తల అంచులకు అతుక్కున్న రెక్కలు, వాటి నడుమ చిన్న నోరు, వెనకే అయిదేసి చీలికలు. "ఉన్నాయ్! కిందే ఉన్నాయ్!" అని ఇద్దరూ అరిచిన అరుపుకి సొరంగం మారుమోగింది. తుడిచే ఆవిడ కూడా తల పైకెత్తి చూసింది. "ఇన్నాళ్లూ షార్కనుకున్నానే" అంది.

పెద్దది అక్కడికక్కడే అట్టముక్కలు తీయించింది. రంపం ముక్కున్న రెండింటినీ పక్కపక్కన పెట్టింది. సా ఫిష్‌కి మొప్పలు కింద, కాబట్టి అది టేకుల వైపు. సా షార్క్‌కి పక్కల్లో, అది సొర. చదునుగా ఉండే ఏంజెల్ షార్క్‌ని చూసి తికమకపడింది గానీ, దాని రెక్కలు తలకు అతుక్కోలేదని తనే పట్టేసింది. బస్సులో నేను అంతసేపు చెప్పినా ఎక్కనిది ఇదే. కైమీరా కోసం ట్యాంకులన్నీ వెతికారు. ఎక్కువగా లోతు సముద్రంలో ఉండేదాన్ని ఇక్కడ ఎక్కడ తెస్తారు?

మర్నాడు పొద్దున బస్సుకి ముందు ఒడ్డున నడిచాం. నాచులో ఒక నల్లటి తోలు సంచి దొరికింది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. గుడ్డు పెంకు. లోపల ఖాళీ, పిల్ల వెళ్లిపోయింది. మూలల్లో మెలికల తీగలుంటే పిల్లి సొరది అనుకునేదాన్ని. ఇలా గట్టి కొమ్ములున్నాయి కాబట్టి టేకుల దగ్గరి చుట్టం స్కేట్‌ది అన్నాను.

చిన్నోడు నా మాట వినలేదు. సంచిని తిరగేసి, కళ్ల దగ్గర పెట్టుకుని, కింద చీలికలు వెతుకుతున్నాడు. అవతల బస్సు హారన్ కొడుతోంది.