సదరంలో శాతం ఎలా లెక్కకడతారు

"కన్ను పూర్తిగా పోయింది కదండీ, నలభై కూడా వెయ్యలేదేంటి?" వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఇది. అక్కడి డాక్టర్ల బోర్డు రోగం పేరు చూసి శాతం వెయ్యదు. ఒంట్లో ఏ పని ఎంత మేరకు పోయిందో చూసి వేస్తుంది. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే. చెవుల దగ్గర లెక్క ఇంకా గట్టిది. బాగా వినపడే చెవి లోపాన్ని 5తో గుణించి, రెండో చెవి లోపం కలిపి, 6తో భాగిస్తారు. అంటే ఒక చెవి మొత్తం పోయి రెండోదానికి ఏ లోపమూ లేకపోతే 17 కూడా రాదు. పింఛనుకు కనీసం 40 ఉండాలి.

అందుకే రెండు లోపాలున్నవాళ్లు గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకునేటప్పుడే రెండూ చెప్పాలి. శాతాలను నేరుగా కూడరు. 90లోంచి పెద్ద శాతం తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్దదానికి కలుపుతారు. కంటికి 30, కాలికి 20 ఉంటే 43.3 వస్తుంది. కాలి సంగతి చెప్పకపోతే 30 దగ్గరే ఆగిపోతారు.

కోనసీమలో కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులకు ఇది మరీ ముఖ్యం. కాళ్ల బలహీనత ఒక్కటే చూపించి వచ్చేస్తుంటారు. మూత్రం మీద పట్టు పోవడం కూడా లెక్కలోకి వస్తుంది. సిగ్గుపడి దాచుకోకండి, దయచేసి. డిశ్చార్జి కాగితం, ఎమ్మారై, మూత్రం గొట్టం వేసిన చీటీ అన్నీ పట్టుకెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మామూలు దివ్యాంగుల పింఛను 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఇంత తేడా ఉన్నచోట ఒక్క కాగితం తగ్గినా నష్టమే.

పక్షవాతానికి ఆరు నెలలు దాటాక వెళ్లండి. ఈలోగా కొంత బలం తిరిగి వస్తుంది కాబట్టి ముందే వెళితే తర్వాత రమ్మంటారు, లేదా గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద గడువు తేదీ చూసుకుని, అది దాటకముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి.

శాతం తక్కువ వేశారనిపిస్తే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. పాత కాగితాలే మళ్లీ ఇస్తే పాత శాతమే వచ్చే అవకాశం ఎక్కువ. బోర్డు ఏ లోపాన్ని లెక్కలోకి తీసుకోలేదో సర్టిఫికెట్‌లో చూసి, దానికి సంబంధించిన కొత్త పరీక్ష రిపోర్టు జతచేయండి.