రెండు ప్లేట్లు, ఒక నట్టు

మొదటిసారి ఆ వాసన వచ్చినప్పుడు నేరం ముందు వెళ్తున్న లారీ మీద వేశాను. అరకు ఘాట్ రోడ్డులో అది మామూలే. దిగే లారీల బ్రేకులో, ఎక్కే లారీల క్లచ్చులో, ఏదో ఒకటి కమురుతూనే ఉంటుంది. త్యాడ దాటాక చోటు చూసుకుని లారీని దాటేశాను, అద్దాలు జరిపాను. వాసన తగ్గలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. గోనెసంచిలో పాత చెప్పులు చుట్టి కాల్చినట్టుంది. వెనక బెంచీ మీద కూర్చున్న మా అమ్మాయి ముక్కు మూసుకుని, "నాన్నా, ఇది మన బండే" అంది.

డముకు వ్యూపాయింట్ దగ్గర ఆపాను. బ్రేకు పట్టేసినా దాదాపు ఇలాంటి వాసనే వస్తుంది. అందుకని ముందు నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని జానెడు దూరంలో పెట్టి చూశాను. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే దాన్నే అనుమానించాలి. నాలుగూ ఒకేలా ఉన్నాయి. సైలెన్సర్ గొట్టానికి ప్లాస్టిక్ సంచి అంటుకుందేమోనని కిందికి వంగి చూశాను, లేదు. ఇంజిన్ ఆయిల్ వేడి గొట్టం మీద పడితే పొగతోపాటు జిడ్డు వాసన వస్తుంది. కూలెంట్ కారితే కాస్త తియ్యగా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. బోనెట్ ఎత్తితే వాసన తక్కువ, గేర్ లివర్ దగ్గర తల పెడితే ఎక్కువ. అనుమానం క్లచ్ మీదికి వెళ్లింది. ఇంజిన్ తిరుగుడును గేర్ బాక్స్‌కు కలిపేది, పెడల్ తొక్కితే విడదీసేది అదే.

అరగంట ఆగి, కాఫీ తాగి బయలుదేరాం. మొదటి పది నిమిషాలు బండి గుర్రంలా లాగింది. తర్వాత మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 2000 నుంచి 3000 దాకా ఎగబాకింది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం 40 దగ్గరే కూర్చుంది. ఇంజిన్ తిరుగుతోంది, ఆ తిరుగుడు చక్రాలకు అందడం లేదు. క్లచ్ జారుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ మొదటి పది నిమిషాల సంగతి మాత్రం అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

బండి గురించి చెప్పాలి. పాత తరం మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, డీజిల్ జీపు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2498 సీసీ ఇంజిన్, 247 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కొన్న కొత్తలో, నవంబరులో, ఒకే వారంలో అన్నీ చేయించాను: హార్డ్‌టాప్, పెద్ద టైర్లు, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం). రీమ్యాప్ చేసినవాళ్లు టార్క్ 300 దాటుతుందన్నారు. కొలిచి చూపించమని అడగాలని నాకు తోచలేదు. వాసన మొదలైంది ఏప్రిల్‌లో.

నేను వెళ్లిన మొదటి గ్యారేజీ వాళ్లకు ఆలోచించాల్సిన పనే పడలేదు. "పెద్ద టైర్లు, పైగా రీమ్యాప్. క్లచ్ ప్లేటు కాలక ఏమవుతుంది సార్?" అన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కంపెనీ ఇచ్చిన టైరు 235/70 ఆర్16, అంటే వ్యాసం సుమారు 735 మిల్లీమీటర్లు. నేను వేయించింది 245/75 ఆర్16, సుమారు 774. ఐదు శాతం తేడా. వినడానికి చిన్నదే. కానీ ప్రతి గేరులోనూ చక్రానికి అందే లాగుడు ఆ మేరకు తగ్గుతుంది, ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు హాఫ్ క్లచ్ (పెడల్‌ను సగం వదిలి పట్టుకోవడం) ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకోవాలి. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే నిజంగా వెళ్లేది 84. ఈ లెక్కలు వేసుకున్నాక నేరం నాదేనని ఒప్పేసుకుని, గేర్ బాక్స్ దించమన్నాను.

దించాక ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టారు. పట్టు కోసం ప్లేటుకు బిగించే లైనింగ్ రివెట్ల తలల దాకా అరిగిపోయి, అంచులు మాడిన అప్పడంలా నల్లబడ్డాయి. వేలితో రుద్దితే పొడి రాలింది. ప్లేటు ఒరుసుకునే ఇంజిన్ చక్రం, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు. దాన్ని లేత్‌కు పంపి పైభాగం చదును చేయించి, ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవి వేయించాను. కూలితో కలిపి 23 వేలయింది. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారిందేమోనని క్లచ్ చుట్టూ ఉండే డొప్ప, బెల్ హౌసింగ్ లోపల వేలు పెట్టి చూశాను, పొడిగానే ఉంది. ప్లేటుకు ఆయిల్ అంటినా జారుతుంది కాబట్టి గేర్ బాక్స్ దిగి ఉన్నప్పుడే ఇది చూసుకోవాలి. ఆ పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నెల తిరిగింది. జూన్‌లో ఒక సాయంత్రం మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్తున్నాను. ముప్పావుగంట ట్రాఫిక్. చివరికొచ్చేసరికి అదే కమురు వాసన.

ఇక అందరి చూపూ నా ఎడమకాలి మీద పడింది. క్లచ్ మీద కాలు వేసి నడుపుతున్నావని బావమరిది, తోటి ఉద్యోగులు, చివరికి పెట్రోల్ బంకు కుర్రాడు కూడా. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడిని ఇంతకంటే అవమానించలేరు. ఫోన్‌ను టేపుతో డ్యాష్‌బోర్డు కింద అతికించి, వీడియో తీస్తూ గంటసేపు నడిపాను. నా కాలు పతివ్రతలా నేల మీదే ఉంది. ఆ వీడియో అందరికీ పంపాను.

తర్వాత రీమ్యాప్ తీయించి పాత సాఫ్ట్‌వేర్ వేయించాను. వేయించుకోవడానికి డబ్బిచ్చిందీ నేనే, తీయించుకోవడానికి ఇచ్చిందీ నేనే. వాసన పోలేదు.

గాజువాక ఆటోనగర్‌లో లారీల క్లచ్చులు, బ్రేకులు మాత్రమే చూసే ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి వెళ్లాను. టైర్ల గురించి, రీమ్యాప్ గురించి మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తర్వాత చెబుదురు గాని బాబూ, బయలుదేరగానే జారుతుందా, వేడెక్కాకా?"

"వేడెక్కాకే మేస్త్రి గారూ. చల్లారితే మళ్లీ బాగుంటుంది."

"కాలిన ప్లేటు కూడా చల్లారితే కాస్త పట్టుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు పెడల్ ఎలా ఉంటుంది?"

ఎవరూ అడగని ప్రశ్న. నేనూ వేసుకోని ప్రశ్న. గుర్తు చేసుకుంటే, వేడెక్కాక పెడల్ కాస్త బిగుసుకున్నట్టు, కొసన తాకగానే క్లచ్ వదిలేస్తున్నట్టు ఉండేది. ఆ మాట చెప్పగానే ఆయన నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. షీలానగర్ వైపు అటూ ఇటూ తిప్పి, జారడం మొదలవగానే షెడ్డుకు తెచ్చాం. ఇంజిన్ ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఆయన కిందికి దూరాడు. నన్నూ వంగి చూడమన్నాడు.

పెడల్ తొక్కితే క్లచ్ పంపు ఆయిల్‌ను గొట్టంలోకి తోస్తుంది, గేర్ బాక్స్ పక్కన ఉండే స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. ఆ సిలిండర్‌కు చిన్న నిపుల్ ఉంటుంది, క్లచ్ లైనులో చేరిన గాలి తీసేది దాని నుంచే. పెడల్‌ను ఎవరూ తొక్కనప్పుడు దాన్ని వదులు చేస్తే ఆయిల్ బొట్లుగా కారాలి, అంతే. ఆయన ఎనిమిదో నంబరు స్పానర్‌తో పావు చుట్టు తిప్పాడో లేదో, ఆయిల్ సన్నటి దారంలా చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. నిపుల్ బిగించి, బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ లాగి, నాలుగో గేరులో వేసి క్లచ్ వదలమన్నాడు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది. క్లచ్ గట్టిగా పట్టుకుందన్నమాట. (ఈ పరీక్ష ముందు మనుషులెవరూ లేని చోట ఒక్కసారే చేయాలి. జారే క్లచ్‌తో పదేపదే చేస్తే మిగిలిన ప్లేటూ పోతుంది.)

పెడల్ వదిలినా లైనులో ప్రెజర్ మిగిలిపోతోంది, నిపుల్ వదలగానే అది పోయింది. క్లచ్ పంపులో పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తే ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఆ రంధ్రంలోంచే డబ్బాలోకి తిరిగి వెళ్లాలి. పిస్టన్ కొద్దిగా ముందుకే ఆగిపోతే రంధ్రం మూసుకుని ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ఇంజిన్ గదిలో వేడికి ఆయిల్ ఉబ్బితే పోయే దారి లేక రిలీజ్ బేరింగ్‌ను తోస్తుంది. ఎవరో కనిపించని మనిషి క్లచ్ మీద కాలు వేసి కూర్చున్నట్టే.

"పెడల్ దగ్గర ఏమైనా మార్పించారా?" అని అడిగాడు. లేదన్నాను. నిజంగానే లేదనుకున్నాను.

ఆయన టార్చ్ వేసి చూపించాడు. పెడల్ నుంచి పంపుకు వెళ్లే కడ్డీ మీద లాక్ నట్టు. చుట్టూ అంతా ఏళ్ల దుమ్ము, నట్టు అంచులు మాత్రం స్పానర్ పడి మెరుస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. బోనెట్ అవతల రోడ్డు కనిపించడం లేదని సీటు కింద ఇనుప ముక్కలు వేయించి ఎత్తు పెంచాను. అప్పుడు క్లచ్ కాలికి సరిగా అందక, "కొంచెం పైకి పట్టేలా చేయండి" అని సీటు బిగించిన కుర్రాడికి నేనే చెప్పాను. అతను కడ్డీని బయటికి తిప్పి నట్టు బిగించాడు, ఐదు నిమిషాల పని. బిల్లులో రాయలేదు, నా జ్ఞాపకంలోనూ మిగల్లేదు. ఎవరడిగినా హార్డ్‌టాప్, టైర్లు, రీమ్యాప్ అని అప్పజెప్పేవాణ్ని గాని ఈ నట్టు ఒక్కసారీ నోటికి రాలేదు. గేర్ బాక్స్ దించినవాళ్లకు పెడల్ వైపు చూడాల్సిన పని పడలేదు.

మేస్త్రి కడ్డీని లోపలికి తిప్పి, పెడల్‌ను వేలితో నొక్కితే ఐదారు మిల్లీమీటర్లు ఊరికే కదిలేలా సరిచేశాడు. కొత్త ఆయిల్ పోసి ఎయిర్ తీశాడు. 600 తీసుకున్నాడు. రెండో ప్లేటు సంగతి అడిగితే, "నాలుగో గేరులో ఆగింది కదా, నడవనివ్వండి" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ పాత వీడియో మళ్లీ చూశాను. నా కాలికి జానెడు పైన, గంటసేపూ, ఆ నట్టు మెరుస్తూనే ఉంది.

ఆ తర్వాత రెండుసార్లు అరకు వెళ్లొచ్చాం. ఒకసారి నడివేసవిలోనే, నిండా సామాను వేసుకుని. వాసన లేదు. టైర్లు అవే ఉంచాను. రీమ్యాప్ మాత్రం మళ్లీ వేయించలేదు, లేకపోతే పెద్దగా తేడా తెలియడం లేదు మరి. పెడల్ కిందికి దిగాక కాలు అందక సీటును కూడా పాత ఎత్తుకే దింపించాల్సి వచ్చింది. తీసిన ఇనుప ముక్కలు వెనక బెంచీ కింద పడి ఉన్నాయి. గుంట వచ్చినప్పుడల్లా ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడు చేస్తాయి. "ఇప్పుడు ఏం విరిగింది నాన్నా?" అంటుంది మా అమ్మాయి.