ఆకుపచ్చ పుస్తకంలో మూడో దశ

2021 వేసవిలో మా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే చోట, నా పేరు నమోదు చేసిన రోజున, వైద్యురాలు నాకిచ్చిన ఆకుపచ్చ పుస్తకంలో బరువు పక్కన 'క్లినికల్ దశ: 3' అని రాశారు. అంతకు కొద్దిరోజుల ముందే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా రక్తపరీక్ష ఫలితం చూసిన వైద్యుడు మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి, ఆఖరి దశలో ఉన్నాడు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మని చెప్పి పంపించేశాడు. అందుకే ఆ మూడు అంకె కంటపడగానే, మొత్తం ఎన్ని దశలుంటాయని అడిగాను. "నాలుగు. అయితే మీరు ఎంతకాలం బతుకుతారో ఈ అంకె చెప్పదండీ. మీ ఒంట్లో ఇప్పుడు ఏ జబ్బులున్నాయో చెబుతుంది, అంతే. వాటికి మందులున్నాయి" అన్నారామె.

ఈ నాలుగు దశల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో రూపొందించింది. రక్తంలో సీడీ4 అనే రోగనిరోధక కణాలను లెక్కపెట్టే యంత్రం లేని చోట కూడా, రోగిని అడిగి, ఒళ్లు పరీక్షించి, వ్యాధి ఎంత ముదిరిందో నిర్ణయించగలగాలన్నది దాని ఉద్దేశం. మొదటి దశలో ఏ బాధా ఉండదు. మహా అయితే మెడలోనో చంకల్లోనో బిళ్లలు కట్టి అలాగే ఉండిపోతాయి. రెండో దశలో బరువు కొంత తగ్గడం, నోటి మూలలు పగలడం, మాటిమాటికీ జలుబు, గొంతునొప్పి రావడం, సర్పి లేవడం వంటివి కనిపిస్తాయి. నాకు అంతకు కొన్నేళ్ల క్రితం నడుం చుట్టూ ఒకవైపు సర్పి లేచినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎర్రమట్టి పూత వేయించారు, అది మానిపోయింది, ఎవరికీ మరే అనుమానమూ రాలేదు. సర్పి హెచ్‌ఐవీ లేనివారికీ వస్తుంది కాబట్టి అది చూసి బెదిరిపోవలసిన పని లేదు గాని, నడివయసు రాకముందే వస్తే ఒక్క రక్తపరీక్ష చేయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

వైద్యురాలు నన్ను పరీక్షించిన తీరు నాకు బాగా గుర్తుంది. నోరు తెరిపించి, టార్చి వేసి, నాలుక మీది తెల్లటి పూతను చెక్కపుల్లతో గీకి చూశారు. ముద్ద మింగుతుంటే రొమ్ము ఎముక వెనుక నొప్పి పుడుతోందా అని ఒకటికి రెండుసార్లు అడిగారు. లేదన్నాను. ఆ పూత నోటికే పరిమితమైతే మూడో దశ, అన్నవాహికలోకి దిగితే నాలుగో దశ అని తరువాత తెలిసింది. క్షయ విషయంలోనూ ఇదే తేడా ఉంది: ఊపిరితిత్తుల్లో ఉంటే మూడు, మెదడు పొరలు, పొట్ట వంటి వేరే చోట్ల ఉంటే నాలుగు. నాకు నెల దాటిన జ్వరం ఉంది, అరవై రెండు కిలోల బరువు నలభై ఎనిమిదికి పడిపోయింది, తెమడ పరీక్షలో క్షయ బయటపడింది. వీటిలో ఏ ఒక్కటున్నా మూడో దశకు చాలు.

తరువాత వచ్చిన సీడీ4 ఫలితం 104. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా 500కు పైనే ఉంటుంది. అమెరికాలోని ప్రజారోగ్య సంస్థ సీడీసీ పద్ధతిలో దశను ప్రధానంగా ఈ సంఖ్యను బట్టే నిర్ణయిస్తారు; 200 కంటే తగ్గితే అక్కడ మూడోది, అంటే ఎయిడ్స్. రెండు లెక్కలూ ఎందుకంటే, ఒంటి మీద ఏ లక్షణమూ లేకుండానే సీడీ4 బాగా పడిపోయినవాళ్లు ఉంటారు. ఆ సంఖ్య వల్లనే వేరే జబ్బులు అంటుకోకుండా నాకు రోజూ కోట్రైమాక్సజోల్ మాత్ర మొదలుపెట్టారు, మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం కోసం రక్తం పరీక్షించారు.

ముందు క్షయ మందులు ఇచ్చి, అవి ఒంటికి పట్టాక ఏఆర్‌టీ మొదలుపెట్టారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర ఒకటి. క్షయకు వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కనుక, పన్నెండు గంటల తేడాతో మరొక డోలుటెగ్రావిర్ మాత్ర. కొన్ని వారాలు కోలుకుంటున్నట్టే ఉండి, ఉన్నట్టుండి జ్వరం తిరగబెట్టింది, మెడ పక్కన నిమ్మకాయంత బిళ్ల లేచింది. మా ఆవిడ ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. వైద్యురాలు మాత్రం పరీక్షలన్నీ చేయించి, మందులు పనిచేయకపోవడం వల్ల వచ్చినది కాదని, రోగనిరోధక శక్తి తిరిగి లేచి క్షయ క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల వచ్చిన వాపని, ఒక్క మాత్ర కూడా ఆపవద్దని చెప్పారు. కౌన్సెలర్ ఇంటికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ నెల గట్టెక్కించండి చాలు" అని ధైర్యం చెప్పేది. బిళ్ల మెల్లగా కరిగిపోయింది.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో దశ ముదిరినవారికో, సీడీ4 200 కంటే తగ్గినవారికో మాత్రమే మందులిచ్చేవారు; ఆ పరిమితిని విడతలుగా పెంచుతూ వచ్చి, 2017లో పూర్తిగా ఎత్తివేసి, పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. జబ్బు ముదిరితేనే మందు దొరికిన ఆ రోజుల్లో ఎదురుచూస్తూ పోయినవారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

నమోదు నాటి మూడో దశ నా రికార్డులో అలాగే ఉంది. చికిత్సలో ఉండగా వేసే దశను ముందు 'టీ' అక్షరం చేర్చి విడిగా రాస్తారు. నాది ఇప్పుడు టీ1, సీడీ4 430 దాటింది, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు. అది అలా అణిగి ఉన్నంతకాలం నా నుంచి మా ఆవిడకు లైంగికంగా సోకదని వైద్యురాలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. మా ఆవిడ పరీక్ష మొదటినుంచీ నెగెటివే. మందుల కోసం వెళ్లిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని నాలుగూ అడుగుతారు. నాలుగింటికీ లేదని చెప్పి, మందులు తీసుకుని, మిర్చి సీజన్ అయితే అక్కడినుంచి నేరుగా యార్డులో లెక్కలు రాయడానికి వెళ్లిపోతాను.